చెయ్యి లేవకముందే: పక్కింటి తల్లిదండ్రులకు తోడుగా నిలవడం ఎలా

రాత్రి తొమ్మిదిన్నరకు పక్క వాటాలో పిల్లవాడి ఏడుపు మొదలవుతుంది. ముందు తల్లి బుజ్జగింపు వినిపిస్తుంది, కాసేపటికి ఆమె గొంతు పెరుగుతుంది, ఆ వెంటనే దెబ్బ చప్పుడు. గోడకు ఇవతల అన్నం కలుపుకుంటున్న మన చెయ్యి ఆగిపోతుంది. విజయవాడ సింగ్ నగర్‌లోనైనా గుంటూరు లాలాపేటలోనైనా, ఒకే గోడను రెండు కుటుంబాలు పంచుకునే ఇళ్లలో ఉన్నవాళ్లకు ఈ క్షణం కొత్త కాదు. చాలామంది ‘వాళ్ల ఇంటి విషయం మనకెందుకు’ అనుకుని టీవీ శబ్దం పెంచుతారు. కొందరు మర్నాడు కుళాయి దగ్గర, నలుగురూ వింటుండగా, ‘ఇంకోసారి కొడితే పోలీసులకు చెబుతాను’ అని ఆ తల్లిని నిలదీస్తారు. రెండింటి వల్లా ఆ పిల్లవాడికి ఒరిగేదేమీ లేదు. వీటి నడుమ మనం చేయగలిగినవి చాలా ఉన్నాయి. వాటిని ఏ వరుసలో చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కేంద్ర ప్రభుత్వం 2007లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించింది. ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల పిల్లలను అడిగితే, ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామని చెప్పారు. కుటుంబంలో దెబ్బలు తిన్నవారిలో దాదాపు 89 శాతం మందిని కొట్టింది కన్నవాళ్లే. అంటే పిల్లలను కాపాడాలనుకునేవాళ్లు ముందుగా తట్టవలసినది తల్లిదండ్రుల తలుపు.

నాకు ఈ విషయం ఒక పిన్నిగారు నేర్పారు. మా పెద్దమ్మాయికి రెండో నెల. సాయంత్రమైతే గుక్కపట్టి ఏడ్చేది. ఆయన రాత్రి డ్యూటీలో ఉండేవారు, పుట్టింటివారు దూరం. ఒక రాత్రి విసుగుతో బిడ్డను రెండు భుజాలూ పట్టుకుని కుదపబోయాను. సరిగ్గా అప్పుడే పక్క వాటా పిన్నిగారు తలుపు తోసుకుని వచ్చి, ‘ఇలా ఇవ్వమ్మా, నువ్వు వెళ్లి రెండు చెంబులు నీళ్లు పోసుకుని రా’ అన్నారు. అంతే, మరొక్క మాట లేదు. ఆవిడ రాకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టుంటుంది.

ముందు, ఇది అలసటా ప్రమాదమా చూసుకోండి

తలుపు తట్టే ముందు ఒక్క విషయం తేల్చుకోవాలి. నడిచే పిల్లలు పడితే మోకాళ్లు, మోచేతులు, నుదురు, గడ్డం దోక్కుపోతాయి. చెవులు, మెడ, వీపు, పిరుదులు, తొడల లోపలి భాగం కమిలాయంటే ఆటలో తగిలినవి కాకపోవచ్చు. బెల్టు ఆకారంలో, అట్లకాడ ఆకారంలో, వేళ్ల గుర్తుల్లా ఉన్న మచ్చలు, కాల్చిన వాతలు కనిపిస్తే ఇంకేమీ ఆలోచించవద్దు. ఇంకా పాకడం కూడా రాని పసిబిడ్డ ఒంటి మీద కమిలిన గుర్తు ఉందంటే, ఎంత చిన్నదైనా, ఆ రోజే వైద్యులు చూడాలి.

నడవడికలోనూ తెలుస్తుంది. ఎప్పుడో మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలవడం, ఒక మనిషి పేరు చెబితేనే బిగుసుకుపోవడం, ట్యూషన్‌కు వెళ్లనని కారణం చెప్పకుండా ఏడవడం, వయసుకు మించిన లైంగిక విషయాలు మాట్లాడటం వంటివి చూసుకోవాలి. వీటిలో ఏ ఒక్కదాన్నో పట్టుకుని తీర్పు చెప్పేయకూడదు కానీ, రెండు మూడు కలిస్తే కళ్లు మూసుకోకూడదు.

ప్రమాదం కనిపిస్తే మధ్యలోవన్నీ వదిలేసి ఫిర్యాదు భాగానికి వెళ్లండి. కనిపించినది అలసట, కోపం, ఒంటరితనం అయితే కింది అడుగులు మీకోసం.

ఒక పని మీద వెళ్లండి

ఖాళీ చేతులతో, సలహాలతో వెళ్లవద్దు. గిన్నెడు పప్పు తీసుకుని వెళ్లండి, లేదా ‘మా వాడితో ఆడుకుంటాడేమో పంపించమ్మా’ అంటూ వెళ్లండి. అప్పటి వేడిలో ‘ఎందుకు కొట్టావు’ అని అడగకండి. ఆమె అత్తగారి ముందు, భర్త ముందు అసలు అడగకండి. ఆ మాట మీరు వెళ్లిపోయాక మళ్లీ బిడ్డ వీపు మీదే దిగుతుంది. ‘రాత్రి బాగా ఏడ్చాడు కదా, నీకు నిద్ర లేనట్టుంది’ అనండి. ఆమె ఏమీ చెప్పకపోయినా ఫరవాలేదు. మూడో రోజో నాలుగో రోజో తానే చెబుతుంది.

పసిపిల్లల తల్లులకు ఒక మాట తప్పకుండా చెప్పాలి. పుట్టిన రెండో నెలలో ఏడుపు తారస్థాయికి చేరడం, మూడు నాలుగు నెలలకల్లా తగ్గిపోవడం మామూలే. ఆ ఏడుపు తల్లి చేతకానితనానికి గుర్తు కాదు. ఎంత విసుగొచ్చినా బిడ్డను పట్టుకుని కుదపకూడదు. పసివాళ్ల తల బరువు, మెడ బలహీనం. ఒక్క కుదుపుతో మెదడులో నెత్తురు కారవచ్చు, చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. కోపం గొంతు దాకా వచ్చినప్పుడు బిడ్డను ఊయలలోనో చాప మీదనో వెల్లకిలా పడుకోబెట్టి, చుట్టూ దిండ్లు దుప్పట్లు లేకుండా చూసి, తలుపు బయట పది నిమిషాలు నిలబడమనండి. ఆ పది నిమిషాల్లో మీకు ఫోను చేయమనండి. ఏడ్చే బిడ్డకు పది నిమిషాలలో ఏమీ కాదు.

కాన్పు తరువాత వారాలు గడిచినా తల్లి ఊరికే ఏడుస్తున్నా, బిడ్డ వైపు చూడటానికే ఇష్టపడకపోయినా దాన్ని ‘గాలి సోకింది’ అని తోసిపుచ్చవద్దు. అది చికిత్స ఉన్న జబ్బు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆమె చేయలేకపోతే మీరు కలిపి ఫోను చేతికివ్వండి.

ఇదంతా మనకు రాని విద్యేమీ కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌ను ముంచినప్పుడు పై అంతస్తులవాళ్లు కింది ఇళ్ల పిల్లలను తమ పిల్లల పక్కనే పడుకోబెట్టుకున్నారు. అప్పుడు ఎవరూ ‘వాళ్ల ఇంటి విషయం’ అనలేదు.

మీ వీధిలో ఏమున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి

ఆదివారం ఒక గంట పెట్టుకుని చుట్టూ తిరిగి రండి. మీ వాడ అంగన్‌వాడీ ఎక్కడుంది, టీచరు ఫోను నంబరేమిటి, ఆశా కార్యకర్త ఎవరు, పట్టణ ఆరోగ్య కేంద్రం ఏ వీధిలో ఉంది, వార్డు సచివాలయంలో మహిళా పోలీసు ఎవరు అన్నవి ముందే తెలిసి ఉండాలి. అవసరం వచ్చిన రాత్రి వెతుక్కుంటే దొరకవు.

అంగన్‌వాడీని చాలామంది గుడ్లు, పాలు ఇచ్చే చోటుగానే చూస్తారు. 1975 అక్టోబరు 2న మొదలైన ఈ పథకంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బడి ముందరి చదువు కూడా ఉంది. గుంటూరులో మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లే తల్లిని తలుచుకోండి. రోజంతా ఘాటులో కూర్చుని, మండే చేతులతో ఇంటికి వస్తుంది. పిల్లవాడు పగలు భద్రమైన చోట కడుపు నిండా తిని ఆడుకుని వస్తే, సాయంత్రం ఆ తల్లికి, బిడ్డకు మధ్య జరిగే సంగతే వేరు. అలాంటి ఇల్లు మీకు తెలిస్తే, పిల్లవాడి పేరు రాయించేదాకా టీచరు దగ్గరకు మీరే తోడు వెళ్లండి. 50 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలో పసిపిల్లల సంరక్షణకు క్రెష్ సదుపాయం ఉండాలని చట్టం చెబుతోంది. పెద్ద దుకాణాల్లో, ఆసుపత్రుల్లో పనిచేసే తల్లులకు ఈ సంగతి చెప్పండి, నలుగురు కలిసి యాజమాన్యాన్ని అడగవచ్చు.

టీచరు చూపు ఎంత విలువైనదో ఒక పిల్లవాడి వల్ల తెలిసింది. మా వీధిలో ఐదేళ్లవాడు, పిలిస్తే పలకడని, మొండివాడని రోజూ తండ్రి చేతిలో దెబ్బలు తినేవాడు. వెనక నుంచి చప్పట్లు కొడితే తిరిగి చూడటం లేదని మొదట గమనించింది అంగన్‌వాడీ టీచరు. పరీక్ష చేయిస్తే రెండు చెవులూ సరిగా వినిపించడం లేదని తేలింది. ఆ తండ్రి వైద్యుడి గది బయట బల్ల మీద కూర్చుని వాడి చెయ్యి వదలకుండా చాలాసేపు ఏడ్చాడు. వినికిడి, చూపు, మాట, ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లలు మిగతావారికంటే ఎక్కువగా దెబ్బలు తింటారు. అందుకే ‘మాట వినడం లేదు’ అన్న ఫిర్యాదు వచ్చినప్పుడల్లా ముందు పరీక్ష చేయించమని చెప్పండి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేసే ప్రభుత్వ కార్యక్రమం 2013 నుంచి ఉంది. ఆశా కార్యకర్తను అడిగితే దారి చూపిస్తుంది. బడి వయసు వచ్చిన ప్రత్యేక అవసరాల పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి.

డ్వాక్రా సంఘం ఉంటే దాన్నీ వాడుకోండి. నెలవారీ సమావేశంలో వాయిదాల లెక్క అయిపోయాక పదిహేను నిమిషాలు పిల్లల సంగతి మాట్లాడమని అడగండి. ‘నేను నిన్న కొట్టాను, తరువాత బాధపడ్డాను’ అని ఒక్కరు పైకి అంటే చాలు, మిగిలినవాళ్ల నోళ్లు తెరుచుకుంటాయి. కొట్టకుండా చెప్పే పద్ధతులు ఎవరి ఇంట్లో ఏవి పనిచేశాయో అక్కడ తెలుస్తాయి. తండ్రులకు ఇలాంటి చోటు లేదు. ఆటోనగర్‌లో షెడ్డు మూసేశాక టీ బంకు దగ్గర నిలబడే పది నిమిషాలే వాళ్ల సమావేశం. మగవాళ్లు చదువుతుంటే ఒక్క మాట అడుగుతాను, అక్కడ ఈ విషయం మీరు ఎత్తండి.

మద్యం, మత్తు వల్ల ఇల్లు చెడుతుంటే మత్తు విముక్తికి 14446 ఉంది. తల్లే దెబ్బలు తింటున్న ఇంట్లో ‘పిల్లలను కొట్టకమ్మా’ అని ఆమెకు చెప్పి ఉపయోగం లేదు. మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేస్తే మాట్లాడతారు, హింసకు గురైన స్త్రీలకు కావలసిన సాయం ఒకే చోట అందించే వన్ స్టాప్ సెంటరుకు దారి చూపుతారు. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, దానికి 15100.

డబ్బు ఇబ్బందికి కూడా ఒక మార్గముంది, చాలామందికి తెలియదు. భర్త చనిపోయిన లేదా వదిలేసిన తల్లి పిల్లలకు, తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరుగుతున్న పిల్లలకు, తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో ఉన్న పిల్లలకు కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు పాసుపుస్తకం, తండ్రి చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం సిద్ధం చేసుకుని జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. అంగన్‌వాడీ టీచరును అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెబుతారు. కాగితాలు పోగుచేయడమే పెద్ద పని, కూలికి వెళ్లే తల్లికి సచివాలయం చుట్టూ తిరిగే తీరిక ఉండదు. ఆ తిరుగుడు మీరు పంచుకోండి.

పిల్లలకు నేర్పవలసినవి

ఈత దుస్తులు కప్పే భాగాలను వైద్యపరీక్షకో స్నానానికో తప్ప ఎవరూ తాకకూడదని, అలాంటప్పుడు కూడా అమ్మ దగ్గర ఉండాలని చిన్నప్పుడే చెప్పండి. ఆ భాగాల పేర్లు సిగ్గుపడకుండా చెప్పడం నేర్పండి, పేరు తెలియని చోట జరిగినది పిల్లలు చెప్పలేరు. ‘ఎవరికీ చెప్పకు’ అని ఎవరైనా అంటే అదే ముందుగా అమ్మకు చెప్పవలసిన విషయమని నేర్పండి. చేతి వేళ్లు చూపించి, ఏదైనా జరిగితే పరిగెత్తి చెప్పగలిగే ఐదుగురి పేర్లు చెప్పమనండి. ఐదుగురూ ఇంట్లోవాళ్లే కాకుండా చూడండి. పిల్లలకు హాని చేసేవాళ్లు ఎక్కువగా తెలిసినవాళ్లే: బంధువు, ట్యూషన్ మాస్టరు, ఆటో నడిపే మనిషి, పై వాటా అన్నయ్య. ‘మావయ్యకు ముద్దు పెట్టు’ అని పిల్లలను బలవంతపెట్టడం ఈ రోజే మానేయండి.

బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టం 2009లోనే నిషేధించింది. ‘నాలుగు తగిలించండి మాస్టారూ’ అని చెప్పి వచ్చే తండ్రులకు ఇది గుర్తుచేయండి.

పిల్ల మీ దగ్గరకు వచ్చి చెబితే

కూర్చోండి. ముఖంలో భయం, కోపం కనపడనివ్వకండి. ‘నాకు చెప్పి మంచిపని చేశావు, తప్పు నీది కాదు’ అనండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి, ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. ‘నీకు సాయం చేయగలిగినవాళ్లకు మాత్రమే చెబుతాను’ అనండి. గుచ్చి గుచ్చి అడగవద్దు, ‘మావయ్యేనా చేశాడు’ అని పేరు అందించవద్దు. ‘తరువాత ఏమైంది’ అన్న ఒక్క ప్రశ్న సరిపోతుంది. అదే కథ ఇంట్లో పదిమందికి పదిసార్లు చెప్పించడం పిల్లను మళ్లీ మళ్లీ కొట్టడమే. పిల్ల వాడిన మాటలను ఆ మాటలుగానే, తేదీ, సమయంతో రాసిపెట్టుకోండి.

లైంగిక దాడి జరిగి ఉంటే స్నానం చేయించకండి, బట్టలు ఉతక్కండి. ఆ బట్టలను ప్లాస్టిక్ కవరులో కాకుండా కాగితపు సంచిలో పెట్టి నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. విజయవాడలోనూ గుంటూరులోనూ ప్రభుత్వ సర్వజనాసుపత్రులున్నాయి. ముందు పోలీసు కాగితం తెస్తేనే చూస్తామని ఏ ఆసుపత్రీ అనకూడదు. ఆడపిల్లను మహిళా వైద్యురాలే పరీక్షించాలి, పిల్ల నమ్మే పెద్ద మనిషి పక్కన ఉండాలి.

ఫిర్యాదు ఎలా చేయాలి

దెబ్బలు ఆ క్షణంలో పడుతుంటే అత్యవసర నంబరు 112కు ఫోను చేయండి. మిగతా అన్ని సందర్భాల్లో బాలల సహాయ నంబరు 1098, రోజంతా ఉచితం. 1996లో ముంబయిలో వీధి పిల్లల కోసం మొదలైన ఈ నంబరును ఇప్పుడు ప్రభుత్వమే నడుపుతోంది. పిల్లలకే ఈ అంకెలు నేర్పండి: పది, తొమ్మిది, ఎనిమిది. ఫోను చేసినప్పుడు పిల్ల వయసు, ఇంటి గుర్తు, మీరు కళ్లతో చూసినది, చెవులతో విన్నది చెప్పండి. మీ ఊహలు వేరుగా చెప్పండి. పిల్ల ఇప్పుడు ఎవరి దగ్గరుందో, ఈ రాత్రికి భద్రంగా ఉందో లేదో తప్పక చెప్పండి. రుజువులు పోగుచేసేదాకా ఆగవద్దు, అది మీ పని కాదు.

లైంగిక నేరమైతే చెప్పడమా మానడమా అన్నది మన ఇష్టానికి వదలలేదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతివారూ చెప్పాలి. చెప్పకుండా దాస్తే ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద కేసు పెట్టడానికి వీల్లేదు. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి తెలపాలి. ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉండే ఈ సమితే పిల్ల ఎక్కడ ఉండాలో నిర్ణయిస్తుంది. పిల్లను పోలీసు స్టేషన్‌కు లాక్కెళ్తారేమోనని భయపడే తల్లులకు ఇది వివరంగా చెప్పండి: వాంగ్మూలం పిల్ల ఇంట్లోనో, పిల్ల కోరుకున్న చోటో తీసుకోవాలి, తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, రాత్రివేళ పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. పిల్ల పేరు, బడి, ఫొటో బయటపెట్టడం నేరం. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ‘మన బ్లాకులో ఇలా జరిగింది’ అని రాసినా అది పిల్లను గుర్తు పట్టించినట్టే.

తమ సంరక్షణలో ఉన్న బిడ్డను క్రూరంగా కొట్టడం, వదిలేయడం 2015 బాలల న్యాయ చట్టం కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. కొట్టింది కన్నవాళ్లయినా ఇది వర్తిస్తుంది.

పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, డబ్బిప్పించి, లేదా ఆ పిల్లకు తొందరగా పెళ్లి చేసి సర్దుబాటు చేద్దామనే మాట ప్రతి చోటా వస్తుంది. దానికి ఒప్పుకోకండి. ఒప్పుకున్న ప్రతిసారీ ఆ మనిషి ఇంకో ఇంటి మెట్లెక్కుతాడు.

ఇంటి నుంచి పారిపోయిన పిల్లలు మన ఊళ్లో ఎక్కువగా చేరేది విజయవాడ రైల్వే స్టేషన్‌కే. ప్లాట్‌ఫారం మీద ఒంటరి పిల్లవాడు కనిపిస్తే బిస్కట్ ప్యాకెట్ ఇచ్చి వెళ్లిపోకుండా అక్కడే నిలబడి 1098కో, రైల్వే పోలీసులకో చెప్పి, వాళ్లు వచ్చేదాకా ఉండండి. ఇలాంటి పిల్లలతో నవజీవన్ బాలభవన్ 1989 నుంచి ఈ నగరంలో పనిచేస్తోంది. 1969లో మొదలైన వాసవ్య మహిళా మండలి స్త్రీలకు, పిల్లలకు అండగా ఉంది.

కేసు పెట్టిన తరువాత

అసలు ఒంటరితనం అప్పుడు మొదలవుతుంది. బంధువులు రావడం మానేస్తారు, వీధిలో చూపులు మారతాయి, ఇల్లుగలవారు ఖాళీ చేయమంటారు. ఆ వారం మీరు వెళ్లడం ఆపకండి. పిల్ల కనిపిస్తే జాలి చూపకండి, నిన్నటిలాగే ‘క్యారమ్స్ ఆడదామా’ అని పిలవండి. పోక్సో కేసుల్లో విచారణ ముగిసేదాకా కుటుంబానికి తోడుండే సహాయక వ్యక్తిని బాలల సంక్షేమ సమితి ఇవ్వగలదని, బాధిత పిల్లలకు పరిహారం ఉందని తల్లికి చెప్పండి, అడిగించండి. కోర్టుకు వెళ్లిన రోజు చిన్నవాడిని ఎవరు చూసుకుంటారు, అన్నం ఎవరు వండుతారు, కూలి పోయిన రోజు ఎలా గడుస్తుంది అన్నవి ముందే మాట్లాడుకోండి. వాయిదా తేదీని ఆమె ఇంటి క్యాలెండరులో రాశాక, మీ ఇంటి క్యాలెండరులోనూ రాసుకోండి.